కె-పాప్ ట్రైనీ అవ్వాలంటే ఏం చేయాలి? ఆడిషన్‌కు ఫీజు ఉంటుందా? గోదావరి జిల్లాల పిల్లలు, తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాల్సిన విషయాలివే

రాజమండ్రి గోదావరి గట్టు మీద ఇద్దరు అమ్మాయిలు, అమలాపురంలో ఇంటి డాబా మీద ఒక కుర్రాడు, భీమవరంలో కాలేజీ ఫెస్ట్ స్టేజీ మీద ఓ గ్యాంగ్. పాట కొరియన్, స్టెప్పులు కొరియన్, కింద కామెంట్లు మాత్రం మన తెలుగులో. రీల్స్ తెరిస్తే ఇలాంటి వీడియోలు కనిపించడం ఇప్పుడు మామూలే. అయితే కొందరు అక్కడితో ఆగడం లేదు. "మనం కూడా కొరియా వెళ్లి ట్రైనీ అవ్వొచ్చా?" అని అడుగుతున్నారు. ఇంట్లో అమ్మానాన్నలకు ఆ మాట అర్థం కాదు. పిల్లలకు ఎవరిని అడగాలో తెలియదు. సరిగ్గా ఈ మధ్యలోకే మోసగాళ్లు దూరుతారు.

మరి నిజంగా దారి ఉందా? ఉంటే ఎలా వెళ్లాలి? ఎంత ఖర్చవుతుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు ట్రైనీ అంటే ఎవరు?

మన సినిమాల్లో అవకాశం వస్తే నేరుగా షూటింగే. కె-పాప్‌లో అలా కాదు. కొరియా కంపెనీలు ముందు పిల్లల్ని ఎంపిక చేసి, తమ ఖర్చుతో ఏళ్ల తరబడి శిక్షణ ఇస్తాయి. పాట, డాన్స్, ర్యాప్, కొరియన్ భాష, కెమెరా ముందు ఎలా నిలబడాలి.. అన్నీ నేర్పిస్తాయి. ఈ దశలో ఉన్నవాళ్లనే ట్రైనీలు అంటారు. చాలా కంపెనీల్లో నెల నెలా పరీక్ష పెడతారు. అందులో వెనకబడితే ఇంటికి పంపేస్తారు. చివరిదాకా నిలిచినవాళ్లలో కొందరిని గ్రూపుగా కట్టి జనం ముందుకు తెస్తారు. దాన్నే డెబ్యూ అంటారు.

అంటే ఆడిషన్‌లో పాసైతే స్టార్ అయిపోయినట్టు కాదు. ఒక రెసిడెన్షియల్ కాలేజీలో సీటు వచ్చినట్టు మాత్రమే. ఆ కాలేజీకి ఎన్నేళ్ల కోర్సో ఎవరూ చెప్పరు. చివర్లో సర్టిఫికెట్ వస్తుందన్న గ్యారెంటీ కూడా లేదు.

విదేశీయులను తీసుకుంటారా?

తీసుకుంటారు. ఇది కొత్త విషయం కూడా కాదు. 2008లో వచ్చిన 2పీఎం గ్రూపులోని నిచ్‌ఖున్ థాయ్ కుటుంబానికి చెందినవాడు. ట్వైస్ గ్రూపులో మోమో, సనా, మినా జపాన్ అమ్మాయిలు. త్జుయు తైవాన్ అమ్మాయి.

అందరికీ తెలిసిన ఉదాహరణ బ్లాక్‌పింక్ లిసా. 2010లో వైజీ ఎంటర్‌టైన్‌మెంట్ థాయ్‌లాండ్‌లో ఆడిషన్ పెట్టినప్పుడు ఆమెకు 13 ఏళ్లు. దాదాపు 4,000 మంది వస్తే ఎంపికైంది ఆమె ఒక్కతే అని అప్పట్లో వార్తలు వచ్చాయి. 2011లో కొరియా వెళ్లింది. డెబ్యూ ఎప్పుడో తెలుసా? 2016 ఆగస్టులో. అంటే ఏకంగా ఐదేళ్లు ఎవరికీ తెలియని ట్రైనీగానే ఉండిపోయింది. అంత టాలెంట్ ఉన్న అమ్మాయికే ఐదేళ్లు పట్టిందన్న సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మన పక్క రాష్ట్రం అమ్మాయి ఎలా వెళ్లింది?

ఇక్కడే మనకు దగ్గరి కథ ఒకటి ఉంది. ఒడిశాలోని రూర్కెలాకు చెందిన శ్రేయా లెంకా. చిన్నప్పటి నుంచి ఒడిస్సీ నేర్చుకుంది. 2021లో డీఆర్ మ్యూజిక్ అనే కొరియా కంపెనీ తన బ్లాక్‌స్వాన్ గ్రూపులో ఖాళీ అయిన స్థానం కోసం ప్రపంచవ్యాప్తంగా ఆన్‌లైన్ ఆడిషన్ పెట్టింది. సుమారు 4,000 మంది వీడియోలు పంపారు. ఆ ఏడాది చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు శ్రేయా, మరొకరు బ్రెజిల్‌కు చెందిన గాబ్రియేలా. ఇద్దరినీ సియోల్‌కు పిలిపించి శిక్షణ ఇచ్చారు. 2022 మేలో ఇద్దరినీ గ్రూపులోకి తీసుకుంటున్నట్టు ప్రకటించారు. అప్పటికి శ్రేయాకు 18 ఏళ్లు. అలా కె-పాప్ గ్రూపులో చేరిన తొలి భారతీయ అమ్మాయిగా ఆమె పేరు మారుమోగింది. 2023లో కేరళ మూలాలున్న ఆరియా కూడా ఎక్స్ఇన్ అనే గ్రూపుతో డెబ్యూ చేసింది.

గమనించాల్సిన విషయం ఒకటుంది. రూర్కెలా ముంబై కాదు, ఢిల్లీ కాదు. స్టీల్ ప్లాంట్ ఉన్న ఒక మామూలు ఊరు. రాజమండ్రి నుంచి చూస్తే మన కంటే పెద్ద ఆకాశమేమీ కాదు. అక్కడి అమ్మాయిని సియోల్ దాకా తీసుకెళ్లింది ఏజెంటూ కాదు, సిఫార్సూ కాదు. ఏళ్ల తరబడి చేసిన సాధన, దానికి తోడు కంపెనీకి నేరుగా చేరిన ఒక వీడియో.

ఆడిషన్ ఎలా జరుగుతుంది?

ఎస్ఎం, జేవైపీ, వైజీ, హైబ్ వంటి పెద్ద కంపెనీలన్నీ ఆడిషన్ల వివరాలను సొంత వెబ్‌సైట్లలో, అధికారిక పేజీల్లో ప్రకటిస్తాయి. సాధారణంగా ఇలా సాగుతుంది.

మొదటి దశ: ఆన్‌లైన్ ఫారం. పేరు, పుట్టిన సంవత్సరం, ఎత్తు, ఏ విభాగంలో దరఖాస్తు చేస్తున్నారో రాయాలి. పాట, డాన్స్, ర్యాప్, యాక్టింగ్ వంటి విభాగాలు ఉంటాయి. ముఖం స్పష్టంగా కనిపించే ఫొటోలు, ఒకటి రెండు నిమిషాల వీడియో జత చేయాలి. వయసు పరిమితిని చాలాసార్లు పుట్టిన సంవత్సరంతో చెబుతారు. ఎక్కువ కంపెనీలు చూసేది టీనేజ్ పిల్లల్నే.

రెండో దశ: వీడియో నచ్చితే కంపెనీ వాళ్లే సంప్రదిస్తారు. వీడియో కాల్‌లో మళ్లీ పాడమంటారు, ఆడమంటారు. నచ్చకపోతే చాలా కంపెనీలు జవాబే ఇవ్వవు. జవాబు రాలేదంటే సెలెక్ట్ కాలేదనే అర్థం.

మూడో దశ: నేరుగా ఆడిషన్. మ్యూజిక్ లేకుండా ఒక పాట పాడమంటారు. తెలియని పాట పెట్టి అప్పటికప్పుడు డాన్స్ చేయమంటారు. కెమెరా ముందు నిలబెట్టి ముఖం ఎలా పడుతోందో చూస్తారు. ఎందుకు రావాలనుకుంటున్నావని అడుగుతారు.

పోటీ ఏ స్థాయిలో ఉంటుందో చెప్పడానికి ఒక్క లెక్క చాలు. హైబ్, అమెరికాకు చెందిన గెఫెన్ రికార్డ్స్ కలిసి ఒక గ్లోబల్ గ్రూప్ కోసం పిలుపునిస్తే 1,20,000 దరఖాస్తులు వచ్చాయని ఆ సంస్థలు చెప్పాయి. 2023లో 20 మందితో పోటీ నడిచింది. చివరికి మిగిలింది ఆరుగురు. అదే కాట్సై గ్రూపు. ఆ ఆరుగురిలో భారతీయ మూలాలున్న లారా రాజ్ ఒకరు. ఇదిలా ఉంటే, 2025లో హైబ్ ముంబైలో తన భారత విభాగాన్ని ప్రారంభించింది. అంటే కొరియా కంపెనీల చూపు మన దేశం మీద పడింది. అవకాశాలు పెరుగుతాయి. ఆ పేరు చెప్పుకుని తిరిగే నకిలీలు కూడా పెరుగుతారు.

వీడియోలో ఏం చూస్తారు?

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. రీల్స్‌లో లైకులు తెచ్చే ఫిల్టర్లు, కట్లు, స్పీడ్ ఎఫెక్టులు ఆడిషన్‌లో పనికిరావు. పైగా నష్టం. కంపెనీ చూడాలనుకునేది అసలు గొంతు, అసలు ముఖం, అసలు కదలిక.

ఇంట్లోనే తీయొచ్చు. పగటి వెలుతురు ఉన్న గది, వెనక ఖాళీ గోడ, కదలకుండా నిలబెట్టిన ఫోన్ ఉంటే చాలు. డాన్స్ అయితే తల నుంచి కాళ్ల దాకా ఫ్రేమ్‌లో ఉండాలి. పాట అయితే వెనక ఒరిజినల్ గాయకుడి గొంతు వినిపించకూడదు. మేకప్ తక్కువగా ఉండటమే మేలు. ఒకే టేక్‌లో, ఎడిటింగ్ లేకుండా పంపాలి.

మరి కొరియన్ రాకపోతే? మొదటి ఆడిషన్‌కు అది అడ్డు కాదు. లిసా వెళ్లినప్పుడు ఆమెకు కొరియన్ రాదు. అయితే అక్కడ అడుగుపెట్టాక నేర్చుకోక తప్పదు. కూచిపూడి, కర్ణాటక సంగీతం నేర్చుకున్న పిల్లలు అది పాతకాలపు చదువని దాచుకోవాల్సిన పని లేదు. తాళం తప్పకపోవడం, శ్రుతి తెలియడం, గంటల కొద్దీ ఒకే అడవును సాధన చేసే ఓపిక ఉండటం ఎక్కడైనా పనికొస్తాయి. శ్రేయా ఒడిస్సీ నేర్చుకునే వెళ్లింది కదా!

ఫీజు ఎంత? అసలు పాయింట్ ఇదే

సూటిగా చెప్పాలంటే, సున్నా. పెద్ద కొరియా కంపెనీలు ఆడిషన్‌కు డబ్బు తీసుకోవు. దరఖాస్తు ఫీజు ఉండదు, రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు, "సెలెక్ట్ అయ్యారు, సీటు ఖాయం చేసుకోండి" అని అడ్వాన్స్ అడగడమూ ఉండదు. శిక్షణ ఖర్చు కంపెనీయే పెట్టుకుంటుంది. పిల్లల మీద పెట్టుబడి పెట్టి తర్వాత సంపాదించుకోవడమే వాళ్ల వ్యాపారం. అలాంటప్పుడు ముందే మన జేబులో చెయ్యి పెట్టేవాడు కంపెనీ మనిషి ఎలా అవుతాడు?

ఈ మాట గోదావరి జిల్లాల వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. కోనసీమ నుంచి, పశ్చిమ గోదావరి పల్లెల నుంచి కువైట్, మస్కట్, ఖతార్ వెళ్లిన కుటుంబాలు ఎన్నో. ఏజెంట్ మాట నమ్మి, అప్పు చేసి డబ్బు కట్టి, చెప్పిన పని ఒకటైతే అక్కడ దొరికింది మరొకటని ఏడ్చిన ఇళ్లూ ఉన్నాయి. పేరు మారింది, పద్ధతి మాత్రం అదే. అప్పుడు "వీసా రెడీగా ఉంది" అన్నారు. ఇప్పుడు "కంపెనీలో మనోళ్లు ఉన్నారు" అంటారు.

ఈ ఐదింటిలో ఏ ఒక్కటి కనిపించినా అక్కడితో ఆగిపోవాలి.

1. ఇన్‌స్టాగ్రామ్ మెసేజ్‌లోనో, టెలిగ్రామ్‌లోనో "మీ రీల్ చూశాం, డైరెక్ట్ సెలెక్షన్" అని రావడం.

2. ఆడిషన్, శిక్షణ, వీసా, ఇన్సూరెన్స్.. ఏ పేరుతోనైనా ముందే డబ్బు అడగడం.

3. "అమ్మానాన్నలకు ఇప్పుడే చెప్పొద్దు" అనడం.

4. అసభ్యంగా ఉండే ఫొటోలు, వీడియోలు అడగడం. దీనికి ఏ ఆడిషన్‌తోనూ సంబంధం లేదు. ఇది నేరం.

5. ఈరోజే తేల్చుకోండని తొందరపెట్టడం.

మెసేజ్ నిజమో కాదో తేల్చుకోవాలంటే ఆ మెసేజ్‌లో ఇచ్చిన లింక్ నొక్కకూడదు. కంపెనీ వెబ్‌సైట్‌ను విడిగా తెరిచి, అక్కడ ఆ ఆడిషన్ ప్రకటన ఉందో లేదో చూడాలి. డబ్బు పోతే వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. పిల్లల్ని ఎవరైనా బెదిరిస్తుంటే 1098 ఉంది.

చెప్పకుండా వెళ్లిపోతే ఏమవుతుంది?

2024 జనవరిలో తమిళనాడులోని కరూర్ జిల్లాలో జరిగిన ఘటన చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎనిమిదో తరగతి చదువుతున్న ముగ్గురు అమ్మాయిలు బీటీఎస్‌ను చూడాలని ఇంట్లో చెప్పకుండా బయల్దేరారు. చేతిలో ఉన్నది 14,000 రూపాయలు. వాళ్ల ప్లాన్ ఏంటో తెలుసా? మన విశాఖపట్నం చేరుకుని, అక్కడ ఓడ ఎక్కి కొరియా వెళ్లిపోవడం! చెన్నై దాకా వెళ్లాక భయమేసి వెనక్కి తిరిగారు. అర్ధరాత్రి కాట్పాడి స్టేషన్‌లో పోలీసుల కంట పడ్డారు కాబట్టి సరిపోయింది.

ఆ వార్త విని చాలామంది నవ్వారు. కానీ నవ్వాల్సిన విషయం కాదది. 13 ఏళ్ల పిల్లలు ఇంత పెద్ద ప్లాన్ వేశారంటే, ఇంట్లో ఆ మాట ఎత్తే వీలు లేదని అనుకుని ఉంటారు. "కొరియా ఏంటి, పిచ్చా?" అని ఒక్క మాటతో నోరు మూయించే ఇంట్లో పిల్లలు ఆ కలను వదిలేయరు, దాచుకుంటారు. దాచుకున్న కల దగ్గరికి మొదట వచ్చేది మోసగాడే.

సెలెక్ట్ అయితే కాంట్రాక్ట్‌లో ఏం చూడాలి?

కొరియాలో ఈ కాంట్రాక్టుల మీద పెద్ద గొడవలే జరిగాయి. 2009లో టీవీఎక్స్‌క్యూ గ్రూపులోని ముగ్గురు సభ్యులు 13 ఏళ్ల కాంట్రాక్ట్ అన్యాయమని కోర్టుకెక్కారు. ఆ తర్వాత అక్కడి ఫెయిర్ ట్రేడ్ కమిషన్ తెచ్చిన నమూనా కాంట్రాక్టుతో ఏడేళ్ల పరిమితి స్థిరపడింది. 2017లో అదే కమిషన్ ట్రైనీల కాంట్రాక్టులను కూడా పరిశీలించింది. మధ్యలో మానేస్తే శిక్షణ ఖర్చుకు రెండు మూడు రెట్లు కట్టాలన్న షరతులను మార్పించింది. ట్రైనీలకు విడిగా నమూనా కాంట్రాక్టు కూడా వచ్చింది. దాని ప్రకారం ట్రైనీ కాంట్రాక్ట్ మూడేళ్లకు మించకూడదు. మైనర్ల విషయంలో అక్కడి చట్టం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పని చేయించడంపై ఆంక్షలు పెట్టింది.

కాబట్టి సంతకం పెట్టే ముందు ఈ ప్రశ్నలకు కాగితం మీద జవాబు ఉండాలి. ఎన్నేళ్లు? మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి? కంపెనీయే పంపించేస్తే తిరుగు టికెట్ ఎవరిది? ఎక్కడ ఉంచుతారు? జబ్బు చేస్తే ఎవరు చూస్తారు? చదువు సంగతేంటి? కాంట్రాక్ట్ కొరియన్‌లో ఉంటే ఇంగ్లిష్ కాపీ అడగాలి. మన లాయర్‌కు చూపించాకే సంతకం. దానికి టైమ్ ఇవ్వని కంపెనీతో అసలు పనే లేదు.

పాస్‌పోర్ట్, వీసా సంగతి?

18 ఏళ్లు నిండని పిల్లల పాస్‌పోర్ట్‌కు తల్లిదండ్రుల అంగీకార పత్రం కావాలి. అంటే అమ్మానాన్నలకు తెలియకుండా ఈ దారిలో మొదటి అడుగు కూడా పడదు. పాస్‌పోర్ట్ సేవా కేంద్రం భీమవరంలోనే ఉంది, దళారీ అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి, ఇచ్చిన టైమ్‌కు వెళితే చాలు.

కొరియా వెళ్లాలంటే భారతీయులకు ముందుగా వీసా తప్పనిసరి. ఇక్కడో మెలిక ఉంది. "టూరిస్ట్ వీసా మీద రండి, అక్కడికొచ్చాక మార్చేస్తాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోకూడదు. స్టేజీ మీద ప్రదర్శనలు ఇచ్చి సంపాదించే విదేశీ కళాకారులకు ఇ-6 అనే వీసా ఉంటుంది. శిక్షణకు, చదువుకు వేరే రకాలుంటాయి. ఏ వీసా ఇప్పిస్తున్నారో కంపెనీ రాతపూర్వకంగా చెప్పాలి. అనుమానం ఉంటే చెన్నైలోని కొరియా కాన్సులేట్‌ను అడిగి తెలుసుకోవచ్చు.

సెలెక్ట్ కాకపోతే?

లక్షా ఇరవై వేల మందిలో ఆరుగురికి దొరికిన అవకాశం ఇది. సెలెక్ట్ కాకపోవడమే మామూలు విషయం. అందుకే ఇంటర్ మానేసి, డిగ్రీ ఆపేసి దీని వెనక పడటం మంచిది కాదు. మొదటి దశ ఫోన్‌లోనే అయిపోతుంది కాబట్టి చదువు ఆపాల్సిన అవసరమే రాదు. రోజుకు గంటన్నర సాధన, మూడు నెలలకో వీడియో.. కాలేజీకి వెళ్తూనే చేసుకోవచ్చు.

పైగా ఆ సాధన వృథా పోదు. ఢిల్లీలోని కొరియన్ కల్చరల్ సెంటర్ ఏటా దేశవ్యాప్తంగా కె-పాప్ పోటీలు పెడుతుంది. ప్రపంచ దేశాల జట్లు పోటీ పడే కె-పాప్ వరల్డ్ ఫెస్టివల్ 2011 నుంచి కొరియాలోని చాంగ్వాన్‌లో జరుగుతోంది. భాష నేర్చుకుంటే మరో దారి కూడా తెరుచుకుంటుంది. టోపిక్ అనే కొరియన్ పరీక్షలో ఆరు స్థాయులున్నాయి. కొరియా ప్రభుత్వం గ్లోబల్ కొరియా స్కాలర్‌షిప్ పేరుతో విదేశీ విద్యార్థులను చదివిస్తోంది. మన రాష్ట్రంలోనే పెనుకొండ దగ్గర కియా ప్లాంట్ 2019 నుంచి కార్లు తయారు చేస్తోంది. కొరియన్ తెలిసిన తెలుగువాళ్లకు పని దొరికే చోట్లు ఇవి. పాటల కోసం నేర్చుకున్న భాష రేపు అన్నం పెట్టొచ్చు.

చివరగా ఒక మాట

2023 ఫిబ్రవరిలో ఢిల్లీలోని కొరియా ఎంబసీ సిబ్బంది, రాయబారితో సహా, "నాటు నాటు"కు స్టెప్పులేసి వీడియో పెట్టారు. దేశమంతా చూసింది. ఆ పాటకు బాణీ కట్టిన కీరవాణి పుట్టింది కొవ్వూరులో. రాజమండ్రి గట్టు మీద నిలబడి చూస్తే గోదావరికి అవతలి ఒడ్డు అది. అక్కడి వాళ్లు మన పాటకు ఆడారు, ఇక్కడి పిల్లలు వాళ్ల పాటకు ఆడుతున్నారు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, భయపడాల్సిందీ లేదు.

పిల్లలు చేయాల్సింది ఒక్కటే. వీడియో పంపే ముందు ఇంట్లో చూపించాలి. పెద్దలు చేయాల్సిందీ ఒక్కటే. తిట్టే ముందు ఆ వీడియో ఒకసారి పూర్తిగా చూడాలి. ఆ తర్వాత ఎవరైనా ఫోన్ చేసి "పాతిక వేలు కడితే సీటు ఖాయం" అంటే, ఏం చెప్పాలో ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది.